ఒకే నంబరు, రెండు ఇంజిన్లు: పాత షెవర్లే బ్లాకును గుర్తుపట్టే పద్ధతి

(డెట్రాయిట్ ప్రాంతంలోని తెలుగు కార్ల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్నది షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ తాలూకు బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే ప్రధాన భాగం. హెడ్లు (సిలిండర్ల మీది మూతలు) లేవు, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేదు, పిస్టన్లు లేవు. పోత ఇనుము తప్ప దీనిలో మరేమీ మిగలలేదు. అయినా దీన్ని ఏ రోజున పోత పోశారో, ఏ ఊళ్లో ఇంజిన్‌గా బిగించారో, ఏ కారు కోసం సిద్ధం చేశారో ఈ ఇనుము మీదే రాసి ఉంది. ఆ రాతను చదవడం ఎలాగో చెప్పడంతో పాటు, ఏ రాతను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పాలన్నది నా ఉద్దేశం. పాత కారు అమ్మేవారు ‘నంబర్లన్నీ సరిపోతాయండీ’, అంటే ఇంజిన్ ఆ కారుతో వచ్చిన అసలుదే, అన్న ఒక్క మాట మీద ధర ఎంతో పెంచుతారు. ఆ మాట నిజమో కాదో కొనేవారు తమంతట తాము తేల్చుకోగలగాలి. అందుకు కావలసినవి ఒక టార్చి లైటు, ఒక చిన్న అద్దం, కాస్త ఓపిక.

మొదటే ఒక సంగతి స్పష్టం చేస్తాను. కాస్టింగ్ నంబరు, అంటే పోతలోనే వచ్చే నంబరు, వల్ల తెలిసేది ఆ పోత ఏ నమూనాకు చెందినదన్నంత వరకే. ఆ పోతతో ఏ ఇంజిన్ తయారైందో ఆ నంబరు ఒక్కటే చూసి చెప్పడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు. నంబరు చూడగానే పట్టిక తీసి, అందులో మొదట కనిపించిన ఇంజిన్ పేరు చదివి, అదే మన ఇంజిన్ అనుకోవడం వల్లే ఈ రంగంలో ఎక్కువ మంది నష్టపోతున్నారు.

బ్లాకును ఇసుక అచ్చులో పోస్తారు. నమూనా మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు ఇసుకలో గుంటలుగా దిగుతాయి. కరిగిన ఇనుము ఆ గుంటల్లో నిండి, చల్లారాక మళ్లీ ఉబ్బెత్తు అంకెలుగా తేలుతుంది. నమూనా మారనంత కాలం నంబరు కూడా మారదు. తేదీ మాత్రం రోజూ మారాలి కాబట్టి దాన్ని నమూనాకు బిగించే విడి బిళ్లల మీద ఉంచి, ఏ రోజు బిళ్ల ఆ రోజు మార్చేవారు. కాబట్టి ఉబ్బెత్తుగా ఉన్న ప్రతి అంకే పోత పోసిన ఫౌండ్రీలో పుట్టింది. లోపలికి దిగిన అంకెలు, అంటే సుత్తి దెబ్బతో గుద్దిన అంకెలు, ఆ తర్వాత ఇంజిన్ బిగించిన చోట గానీ కారు తయారైన చోట గానీ పడినవి. ఈ రెండు రకాలనూ ఎప్పుడూ విడివిడిగా చూడాలి.

షెవర్లే ఇంజిన్లనే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, ఒకే కొలతల కుటుంబం ఇంత కాలం, ఇన్ని రూపాల్లో సాగిన సందర్భాలు అరుదు. 1955 మోడల్ కార్లకు 265 ఘనపుటంగుళాల (సిలిండర్ల మొత్తం పరిమాణం) ఇంజిన్‌గా ఇది మొదలైంది; అప్పట్లో షెవర్లే చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్. 1957లో 283, 1962లో 327, 1967లో 350, 1970లో 400 వచ్చాయి. అన్నిటిలోనూ పక్కపక్క సిలిండర్ల నడిమధ్యల మధ్య దూరం 4.4 అంగుళాలే. బయటి నుంచి చూస్తే వీటిలో చాలావాటికి తేడా కనిపించదు. మొదటి ఏడాది బ్లాకు మాత్రం సులువుగా దొరికిపోతుంది: 1955 నాటి 3703524 నంబరు బ్లాకుకు ఆయిల్ ఫిల్టర్ బిగించే చోటే లేదు. ఆ తర్వాతి బ్లాకులు అంత తేలిగ్గా బయటపడవు.

ఇక ఈ బ్లాకు దగ్గరికి వద్దాం. ఇది అమెరికా కారుది కాబట్టి డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. నేను డ్రైవర్ వైపు అన్నప్పుడల్లా ఎడమవైపు అని, ప్యాసింజర్ వైపు అంటే కుడివైపు అని అర్థం చేసుకోండి. బ్లాకు వెనుక భాగంలో, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద, డ్రైవర్ వైపున ఏడంకెల కాస్టింగ్ నంబరు ఉంటుంది. ఇంజిన్ కారులో ఉన్నప్పుడు ఇది ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య గోడకు) చేరువగా, డిస్ట్రిబ్యూటర్ పక్కన దాగి ఉంటుంది కాబట్టి అద్దం పెట్టి చూడాలి, లేకపోతే ఫోన్‌ను లోపలికి చాపి ఫోటో తీయాలి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డునూ మట్టినీ డీగ్రీజర్ చల్లి, వైర్ బ్రష్‌తో రుద్ది తీసేయండి. ఆ తర్వాత అంకెల మీదుగా సుద్దముక్కను అడ్డంగా పెట్టి రాస్తే ఉబ్బెత్తు భాగాలు తెల్లగా తేలతాయి. ఇలా సుద్ద పూశాక ఇక్కడ చూడండి: 3970010. చివరి అంకెను జాగ్రత్తగా చూడమంటాను, ఎందుకంటే 3970014 అని ఇంకో నంబరుంది. గరుకు పోత మీద 0కీ 4కీ, 3కీ 8కీ తేడా చూపుకు అందదు. అనుమానం వస్తే వేలి కొనతో తడిమి చూడటం మంచిది. ఈ రంగంలోని వారు చివరి మూడంకెలతోనే పిలుచుకుంటారు, కాబట్టి దీన్ని ‘జీరో టెన్ బ్లాకు’ అంటారు.

అదే అంచు మీద ప్యాసింజర్ వైపున తేదీ ఉంటుంది. ఇక్కడ ‘బీ 24 9’ అని ఉంది. మొదటి అక్షరం నెల: ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా డిసెంబరుకు ఎల్ వరకు. తర్వాత తేదీ, ఆపైన సంవత్సరంలోని చివరి అంకె. అంటే ఇది ఫిబ్రవరి 24న పోసిన బ్లాకు. సంవత్సరం 9తో ముగిసేది. కానీ ఏ 9? జీరో టెన్ నమూనాను 1969 నుంచి 1979 వరకు వాడారు, కాబట్టి ఇది 1969లో పోసిందైనా కావచ్చు, 1979లో పోసిందైనా కావచ్చు. నంబరూ తేదీ రెండూ చేతిలో ఉన్నా పదేళ్ల తేడా తేలలేదు. మరో నంబరుకైతే ఈ చిక్కు రాదు. ఉదాహరణకు 327 ఇంజిన్లలో వాడిన 3782870 నంబరు 1960ల మొదటి సగానికి చెందింది కాబట్టి దాని మీద ఉన్న 2 అంకె 1962 తప్ప ఇంకేమీ కాదు. ఏ నమూనా ఏ ఏళ్లలో నడిచిందో తెలిస్తేనే చివరి అంకెకు అర్థం వస్తుందన్నమాట.

ఈ చిక్కును విప్పేది ముందు భాగంలో ఉన్న స్టాంప్ ప్యాడ్. ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు కాస్త ముందుగా, బొటనవేలంత వెడల్పున చదునుగా చెక్కిన ఈ భాగాన్ని చూడండి. ఇక్కడ అంకెలు లోపలికి గుద్ది ఉన్నాయి: ‘వీ0311హెచ్‌వై’. మొదటి అక్షరం ఇంజిన్ బిగించిన ఊరు. వీ అంటే ఫ్లింట్, అంటే మనకు ఇక్కడి నుంచి ఓ గంట ప్రయాణంలో ఉన్న ఊరే. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా. కే అంటే కెనడాలోని సెయింట్ కాథరిన్స్. తర్వాతి నాలుగంకెలు నెల, తేదీ: మార్చి 11. చివరి అక్షరాలు ఆ ఇంజిన్ ఎలాంటిదో, ఏ కారుకు, ఏ గేర్‌బాక్స్‌కు ఉద్దేశించిందో చెప్పే కోడు. 1969 వరకు ఈ కోడులో రెండక్షరాలు ఉండేవి, 1970 మోడల్ నుంచి మూడయ్యాయి. ఇక్కడ రెండే ఉన్నాయి, కాబట్టి మన 9 అంకె 1969 అని తేలింది. ఫిబ్రవరి 24న పోత, మార్చి 11న బిగింపు. మధ్యలో ఉన్నది రెండు వారాల పైచిలుకు. సరైన వరస ఇలాగే ఉండాలి.

1969లో హెచ్‌వై అంటే 300 హార్స్‌పవర్ 350 ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న కార్వెట్ (షెవర్లే స్పోర్ట్స్ కారు) కోసం బిగించింది. ఆ కోడు పక్కనే ‘19ఎస్7’తో మొదలయ్యే మరో వరస ఉంది. ఇది కారు తయారైన చోట గుద్దింది: 1 అంటే షెవర్లే, 9 అంటే 1969, ఎస్ అంటే సెయింట్ లూయిస్ కర్మాగారం, మిగిలినవి ఆ కారు వరస సంఖ్య. అప్పట్లో కార్వెట్లన్నీ సెయింట్ లూయిస్‌లోనే తయారయ్యేవి. ఇలా రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు చేతులతో పడిన గుర్తులు ఒకే కారును చూపుతున్నాయి. ఇంజిన్‌ను గుర్తుపట్టడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

ఇప్పుడు ఇదే 3970010 నంబరుతో అదే సంవత్సరంలో తయారైన మరో ఇంజిన్ సంగతి చెప్తాను. అది 1969 షెవర్లే కమారో కారులోని జెడ్-28 రకంలో వచ్చిన 302. ఆ ఇంజిన్ పుట్టుకే వేరు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1966లో మొదలుపెట్టిన ట్రాన్స్-యామ్ కారు పందేల్లో ఇంజిన్ 5 లీటర్లకు, అంటే 305 ఘనపుటంగుళాలకు, మించకూడదన్న నియమం ఉండేది. షెవర్లే ఇంజనీర్లు 327 ఇంజిన్‌లోని 4.00 అంగుళాల బోరును (సిలిండరు వ్యాసాన్ని) ఉంచి, దానికి 283 ఇంజిన్‌లోని 3.00 అంగుళాల స్ట్రోకును (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని) జోడించారు. మొత్తం 302 ఘనపుటంగుళాలకు వచ్చింది. మొదటి ఏడాది, 1967లో, అమ్మిన జెడ్-28లు 602 మాత్రమే. 1969 నాటికి ఈ ఇంజిన్‌ను 3932386, 3956618, 3970010 నంబర్ల బ్లాకుల మీద తయారుచేశారు. 350కు కూడా 4.00 అంగుళాల బోరే. స్ట్రోకు మాత్రం 3.48. అంటే 302కీ 350కీ తేడా అంతా క్రాంక్ షాఫ్ట్‌లోనూ, దానికి తగిన పిస్టన్లలోనూ ఉంది. బ్లాకు పోతలో లేదు. ఒకే నమూనా రెంటికీ సరిపోయింది కాబట్టే నంబరు ఒకటే.

అందువల్ల ‘ఇది జీరో టెన్ బ్లాకు, జెడ్-28లో వాడిందే’ అని ఎవరైనా అంటే, ఆ వాక్యం అబద్ధం కాకపోయినా దానివల్ల మీకు తెలిసింది ఏమీ లేదు. జెడ్-28 అసలు ఇంజిన్ అయితే ప్యాడ్ మీద చివర డీజెడ్ అని ఉండాలి. మొదటి అక్షరం వీ అయి ఉండాలి, ఎందుకంటే 302లన్నీ ఫ్లింట్‌లోనే బిగించారు. కారు వరసలో ఒహాయోలోని నార్వుడ్‌కు ఎన్ గానీ, లాస్ ఏంజలిస్‌కు ఎల్ గానీ కనిపించాలి. 1969లో ఈ కారు వరసను కొన్ని ఇంజిన్లకు ప్యాడ్ మీద కాకుండా ఆయిల్ ఫిల్టర్‌కు పైన గరుకు పోత మీద గుద్దారు కాబట్టి, ప్యాడ్ మీద లేదని తొందరపడి కొట్టిపారేయకూడదు.

ఇంజిన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, 1969 కమారోకు కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు (వీఐఎన్) చూసి అది జెడ్-28 అవునో కాదో చెప్పలేం. నంబరు 12437తో మొదలైతే అది వీ8 ఇంజిన్ ఉన్న రెండు తలుపుల కూపే అని మాత్రమే తెలుస్తుంది. నార్వుడ్ కార్ల బాడీ పలక మీద జెడ్-28కి గుర్తుగా ఎక్స్33, ఎక్స్77 అనే కోడులు 1968 డిసెంబరు నుంచే మొదలయ్యాయి. లాస్ ఏంజలిస్ కార్ల మీద అవి లేనే లేవు. కాబట్టి చాలా కార్ల విషయంలో ఆ చిన్న ప్యాడే ప్రధాన సాక్ష్యం. సాక్ష్యానికి విలువ ఉన్నచోట దాన్ని తయారుచేసేవారు కూడా ఉంటారు. మామూలు జీరో టెన్ బ్లాకు కొని, ప్యాడ్‌ను గీకి, డీజెడ్ అని గుద్ది, తేదీ సరిపెట్టి అమ్మడం జరుగుతూనే ఉంది. దీన్ని ‘పునరుద్ధరణ’ అని సమర్థించేవారున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొనేవాడిని నమ్మించడానికి చేసిన పని మోసమే.

దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఇలా దగ్గరికి వచ్చి, టార్చి వెలుగు ప్యాడ్ మీద పక్కవాటుగా పడేలా పెట్టి చూడండి. బ్లాకు ముందు నుంచి వెనక్కి సాగే సన్నని సమాంతర గీతలు కనిపిస్తున్నాయి. హెడ్ కూర్చునే ఉపరితలాన్ని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ యంత్రంతో చెక్కేవారు. వరసగా పళ్లున్న ఆ కత్తి నేరుగా సాగిపోతూ ఈ గీతలు మిగిల్చింది. ప్యాడ్ కూడా అదే మట్టంలో ఉంటుంది కాబట్టి ఆ గీతలు దీని మీదికి కూడా వచ్చాయి. మామూలు మెషిన్ షాపులో తిరిగే కట్టర్‌తో చెక్కితే వంపు గీతలు పడతాయి. గీకుడు రాయితోనో ఎమరీ కాగితంతోనో చదును చేస్తే గీతలన్నీ పోయి నున్నగా అవుతుంది. అక్షరాల కింద, అక్షరాల మధ్య ఈ సమాంతర గీతలు చెక్కుచెదరకుండా ఉంటే ఆ ముద్ర మీద నమ్మకం పెరుగుతుంది. ఇంకో గుర్తు: ఇంజిన్ కోడు అక్షరాలను పట్టీలో పేర్చి ఒక్క దెబ్బతో గుద్దేవారు కాబట్టి వరస తిన్నగా ఉంటుంది. కారు వరస మరో ఊళ్లో మరో పనిముట్టుతో పడింది కాబట్టి దాని అక్షరాల పరిమాణం, ఒరవడి వేరుగా ఉండాలి. రెండు వరసలూ ఒకే అచ్చుతో గుద్దినట్టు కనిపిస్తే ఆగి ఆలోచించండి.

అయితే గీతలు లేవు కాబట్టి మోసమే అని కూడా అనకూడదు. ఇంజిన్ బాగుచేసేటప్పుడు హెడ్ కూర్చునే ఉపరితలం వంగి ఉంటే మెషిన్ షాపువారు దాన్ని చెక్కుతారు. దాంతో పాటు ప్యాడ్ కూడా కోసుకుపోయి, అసలు ముద్ర మాయమవుతుంది. అలాంటి బ్లాకు నిజాయితీగా నంబరు పోగొట్టుకున్నది. ఏమీ లేని ప్యాడ్‌ను నేను అర్థం చేసుకోగలను; గీతల్లేని ప్యాడ్ మీద మెరిసిపోతున్న కొత్త అక్షరాలనే నమ్మలేను. ఇక్కడ మీకొక విన్నపం: కాస్టింగ్ నంబరు దగ్గర వాడమన్న వైర్ బ్రష్‌ను ప్యాడ్ మీద ఎప్పుడూ వాడకండి. అక్కడ డీగ్రీజర్, మెత్తని గుడ్డ చాలు. ఇనుప బ్రష్ తగిలితే మీ చేతులతో మీరే సాక్ష్యం చెరిపేసినట్టు.

ప్యాడ్ పోయినప్పుడు, లోపల ఏ క్రాంక్ షాఫ్ట్ ఉందో తెలుసుకోవడానికి ఒక స్పార్క్ ప్లగ్ విప్పి, వంగే సన్నని ప్లాస్టిక్ పుల్లను పిస్టన్ మీదికి పంపి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఎంత ఎత్తు లేచిందో గుర్తు పెట్టవచ్చు. ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటుంది కాబట్టి కొలత కచ్చితంగా రాదు. కానీ 302 స్ట్రోకు సుమారు 76 మిల్లీమీటర్లు, 350 స్ట్రోకు సుమారు 88. ఆ 12 మిల్లీమీటర్ల తేడా దాగదు. మెయిన్ క్యాప్‌లను (క్రాంక్ షాఫ్ట్‌ను బ్లాకుకు పట్టి ఉంచే బిగింపులను) ఒక్కోదాన్ని రెండు బోల్టులు పట్టుకున్నాయా, నాలుగా అన్నది మాత్రం ఆయిల్ పాన్ విప్పితే తప్ప తెలియదు. జీరో టెన్ బ్లాకు రెండు రకాలుగానూ వచ్చింది. ‘010 కాబట్టి నాలుగు బోల్టులదే’ అని చెప్పేవారి మాట విని డబ్బు ఇవ్వకండి.

సిలిండర్ హెడ్లకు కూడా సొంత నంబరు, సొంత తేదీ ఉంటాయి. అవి చదవాలంటే వాల్వ్ కవర్ తీయాలి. 1969 జెడ్-28లో ఎక్కువగా కనిపించే హెడ్ 3927186. దీనికి 2.02 అంగుళాల ఇన్‌టేక్ వాల్వులు ఉండాలి. కానీ ఇదే నంబరు హెడ్ మీద 1.94 అంగుళాల వాల్వులు కూడా బిగించారు. బ్లాకు విషయంలో చెప్పిన మాటే మళ్లీ: నంబరు పోతను చెప్తుంది, ఆ తర్వాత దానికి చేసిన పనిని చెప్పదు. అన్ని తేదీలనూ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. బ్లాకు పోత, హెడ్ల పోత, ఇంజిన్ బిగింపు, కారు తయారీ. ఇవి ఈ క్రమంలో, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల ఎడంతో రావాలి. బిగింపు తేదీ తర్వాత పోసిన హెడ్ కనిపిస్తే అది ఎప్పుడో మార్చిన హెడ్. మోడల్ సంవత్సరం అంతకు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతుంది కాబట్టి 1969 కారులో 8తో ముగిసే తేదీ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

ప్యాడ్ మీద సీఈ అనే అక్షరాలు కనిపిస్తే, అది వారంటీ కింద కంపెనీ ఇచ్చిన మారు ఇంజిన్. అది అసలు ఇంజిన్ కాకపోయినా, ఆ కారు చరిత్రలో నిజంగా జరిగిన సంఘటనకు గుర్తు. దాన్ని గీకి డీజెడ్ అని కొట్టడం కంటే అలాగే ఉంచడమే ఆ కారుకు గౌరవమని నా నమ్మకం.

షెవర్లే పద్ధతిని ఇతర కంపెనీల మీద రుద్దకండి. ఫోర్డ్ తేదీలో సంవత్సరం ముందు వస్తుంది: ‘9సీ14’ అంటే 1969 మార్చి 14. నెలల అక్షరాల్లో ఫోర్డ్ ‘ఐ’ని వదిలేసింది కాబట్టి అక్కడ సెప్టెంబరు అంటే ‘జే’. షెవర్లేలో అదే ‘జే’ అక్టోబరు. ఫోర్డ్ కాస్టింగ్ నంబరులో మొదటి అక్షరం దశాబ్దం, తర్వాతి అంకె ఏడాది. సీ అంటే 1960లు, డీ అంటే 1970లు. అది కూడా నమూనా రూపొందించిన ఏడాదే తప్ప పోత పోసిన ఏడాది కాదు. క్రైస్లర్ వారు నెల, రోజు, సంవత్సరం మూడూ అంకెల్లోనే పోత పోశారు కాబట్టి చదవడం తేలిక.

దూరాన ఉన్న కారు కొనాలనుకునేవారు డబ్బు పంపేముందు అమ్మేవారి నుంచి ఈ ఫోటోలు అడిగి తెప్పించుకోండి: వెనుక అంచు మీద రెండు వైపులా ఉన్న నంబరు, తేదీ, పక్కవాటు వెలుతురులో తీసిన ప్యాడ్, ఆయిల్ ఫిల్టర్ పైభాగం, వాల్వ్ కవర్ తీసిన హెడ్లు, బాడీ పలక. మిగతావన్నీ పంపి ప్యాడ్ దగ్గర మాత్రం ‘ఆల్టర్నేటర్ అడ్డంగా ఉందండీ’ అంటే, ఆల్టర్నేటర్ విప్పడానికి పెద్ద శ్రమ లేదని చెప్పండి. అప్పటికీ పంపకపోతే ఆ కారును మామూలు 350 ఉన్న కమారోగా లెక్కగట్టి, ఆ ధరే చెప్పండి.